తబితమ్మ నెమ్మది

మే మాసపు రెండవ శనివారమున సాయంకాలము నాలుగుగంటల మీద పదినిమిషములు గడచియుండెను. మేఘలేశమైనను లేని యాకాశమున పడమటికి వ్రాలియు తన చండిమను వీడని భాస్కరుడు నిష్పత్రములగు తరుశాఖలను నిర్జలములగు సైకతతలములను నిర్దయముగా దహించుచుండ, వడగాలి గుండ్లకమ్మ యేటి యిసుకను దోసిళ్లకొలది యెత్తి మిషను ఆవరణములోని పెంకుటిండ్ల గోడలపై విసరుచుండెను. అట్టి వేళ నల్లరాతిగోడల చిన్న దేవాలయములో తలుపులు బిగించుకొని అన్నము మాని నీరు మాత్రము గ్రోలుచు మూడవదినమునను మోకరిల్లియుండెను తబితమ్మ. ఆమె నలువది యేండ్ల విధవ, బాలికల బోర్డింగునకు మేట్రను.

ఆ సంఘమున నొక యాచారము కలదు. స్త్రీకి సంబంధము కుదిరినయెడల నామె యింటి పెద్ద మూడుదినము లుపవాసముండి దేవాలయమున నేకాంతప్రార్థన చేయవలెను. హృదయమునకు నెమ్మది కలిగెనేని వివాహము దైవచిత్తము; కలుగదేని సంబంధమును విడువవలెను. ఉపవాసమునుండి వెలువడినవారి పలుకునకు కారణ మడుగుట పాపమని యెంచుదురు గనుక పాస్టరుగారు సైత మడుగరు. ఇప్పుడు పరీక్షకు నిలిచిన సంబంధము తబితమ్మ చెల్లెలగు దీనమ్మది. వరుడు పొరుగూరి మిషను బడిలో పంతులగు ఏలీషా. వారిరువురు నొండొరులను కోరియుండిరి.

ఇక జరుగనున్న కార్యమునకు కారణ మిరువది యేండ్ల వెనుక నున్నది. నవయౌవనముననే భర్తను గోల్పోయిన తబితమ్మను పునర్వివాహమాడుటకు మిషను ఆసుపత్రి కంపౌండరొకడు ముందునకు వచ్చెను. నాడు దీనమ్మ యుయ్యాలలోని శిశువు, తల్లి క్షయరోగపీడిత. తల్లి యుపవాసముండి వెలువడి నెమ్మది కలుగలేదని పలికెను. మరుసటి యేట నామె మరణించెను. శిశువు తబితమ్మ చేతికి వచ్చెను. తల్లికి నెమ్మది యేల కలుగలేదో తబితమ్మకు తెలియును. అడుగలేదు. ఆ యడుగని ప్రశ్నయే యామె యంతరంగమున వేరుదన్ని యిరువదియేండ్లు నిశ్శబ్దముగా పెరిగెను.

ప్రార్థన పాతబావిలో పూడిక తీయుట వంటిది. తీసినకొలది మొదట చెత్తయు పిదప బురదయు కడపట నూటయు బయల్పడును. ఆ యూట తియ్యనిది కానక్కరలేదు. మొదటిదినమున తబితమ్మ నీ చిత్తమే సిద్ధించునుగాక యని పలుమారు పలికెను. ఆ పలుకు లెండుకాయలోని గింజలవలె నాలుకపై గలగలలాడెను. రెండవదినమున చెల్లెలు లేని యింటిలో వృద్ధాప్యము గడపవలసిన భీతి కనబడెను. దానికై విలపించి, ఇదియే నా హృదయపు టడుగు అని యూరటచెందెను. అది బురద మాత్రమే.

మూడవదినమున నామె కన్నుమూసి దీనమ్మను ఏలీషా గృహమున నూహించెను: ఒడిలో బిడ్డయు పెదవులపై నవ్వును. తబితమ్మ యా నవ్వును చూడలేక కన్ను తెరచెను. పిదప మరల కన్నుమూసి యా దీనమ్మనే యీ యావరణమున నూహించెను: వేకువనే గంట మ్రోయించుచు, ఇతరుల పెండ్లిండ్లకు పాటలు పాడుచు, ఏటేట నెండుచున్న దీనమ్మను. తోడనే యుపవాసక్లిష్టమగు తనువంతటను చల్లదన మొకటి ప్రాకి చిరకాలముగా బిగిసియున్న మనస్సు వదులయ్యెను. అదియే నెమ్మది. మరియొకతె యైనచో దానినే దైవస్వరమని నమ్మి లేచిపోయియుండును. తబితమ్మ నమ్మలేదు.

"ప్రభువా, ఇది నువ్వు చెప్పిన మాట కాదు, నా కోరికే" అని యామె వినబడునట్లు పలికెను. "మా అమ్మ నన్ను చేసినట్టే దీన్నీ చెయ్యాలని నా కడుపులో ఉంది. ఇంతకాలం నాకే తెలవలా."

చాలసేపు ఏడ్చి, సమ్మతి తెలుపుటకు నిశ్చయించుకొని తలుపు తీసెను. ఇంతవరకు ప్రార్థన తన పనిని లోపములేక చేసెను. మిగిలిన పని యామెది.

వసారాలో పాస్టరు జకర్యాగారును సంఘపెద్ద భార్యయగు సువార్తమ్మయు గంజిముంత పట్టుకొని దీనమ్మయు నుండిరి.

"లోపలికి పోయేటప్పుడు మనిషివి, వచ్చేటప్పుడు కట్టెపుల్లవి! దా అక్కా, ముందు ఇంత గంజి తాగు" అనెను దీనమ్మ.

"ఓయమ్మో, అక్క మీద ప్రేమ కారిపోతంది! గంజికా నీ తొందర, జవాబుకా?" అని సువార్తమ్మ యెకసెక్కెమాడెను.

"పో అత్తా, నీకెప్పుడూ ఎగతాళే." దీనమ్మ సిగ్గుపడి యక్కవైపు తిరిగెను. "అక్క మొగంలోనే కనపడతంది, దేవుడు ఒప్పుకున్నాడు. నేను పోయినా నీకేం దిగులుండదులే అక్కా. బోర్డింగు పిల్లలుంటారు, గంట కొట్టుకుంటావు. నీకు అలవాటైన బతుకేగా!"

ఆ వాక్యమున ద్వేష మణుమాత్రమును లేదు. అక్కను ఓదార్చుటకే యామె దానిని పలికెను. తబితమ్మ గంజి నంతయు త్రాగెను. పైటకొంగుతో పెదవులు తుడిచికొనెను.

"నెమ్మది కలగలా" అనెను.

జకర్యాగారు తలవంచి "దేవునికి స్తోత్రం" అనిరి. సువార్తమ్మ నవ్వు మాని "స్తోత్రం" అనెను. దీనమ్మ ఖాళీముంతను అక్క చేతినుండి తీసికొని "నా కోసం మూడు దినాలు ఎండావు గదక్కా, ఇంటికి పోయి పడుకుందువు దా" అనెను.

ఎరుగక చేసిన పాపమునకు ఎరుగమియే కొంత మాటు. తబితమ్మ తనకుగల యా మాటును మూడుదినములు ప్రార్థించి తన చేతులతోనే తొలగించుకొనియుండెను.

వానలు రాకమునుపే ఏలీషా వేరొక కన్యను వివాహమాడెను. దేవుడు ఒకసారి చెప్పినది చాలునని దీనమ్మ పిదప వచ్చిన సంబంధముల నన్నింటిని తిరస్కరించెను. తబితమ్మ మరెన్నడును ఏకాంతమున మోకరిల్లలేదు. సభలలో మాత్ర మామె ప్రార్థన యెంత మధురమై యుండెననగా పొరుగూళ్లవారు సైతము తమ విన్నపముల నామెకే తెచ్చుకొనిరి.

పదునాలుగేండ్లకు మంచముపట్టిన తబితమ్మ యొకనాటి మధ్యాహ్నమున చెల్లెలి మణికట్టు పట్టుకొనెను.

"దీనా, ఆనాడు దేవుడేం చెప్పలా. నువ్వు సుకపడితే చూడలేక నేనే చెప్పా."

"జ్వరమక్కా. మాట్లాడమాక."

"జ్వరం కాదే. నా ఒళ్ళు పట్టి చూడు, చల్లగా ఉంది."

దీనమ్మ యక్క నుదుటిపై చేయి పెట్టెను. నుదురు చల్లగానే యుండెను. ఆమె చేయి తీయక చాలసేపు గోడవైపు చూచెను.

"జ్వరమే" అని దుప్పటిని అక్క గడ్డమువరకు లాగి కప్పెను.

తబితమ్మ యా యేటి శ్రావణమున మరణించెను. దీనమ్మ వేయించిన సమాధిరాతిపై పేరు క్రింద 'ప్రార్థనాపరురాలు' అని చెక్కబడియున్నది.