పటంలో పడవ

రేపటి నుంచి కత్తి పట్టి చెరకు కొట్టాల్సిందేనని దొర హిందుస్తానీలో అరుస్తున్నాడు. ఆ అరుపును కూలీల మీది సర్దారు పోతయ్య తెలుగులో చెబుతుంటే కౌశల్యకు సగమే చెవికెక్కింది. చంకలో నెలల పాప. బంగళాలో పని కాబట్టి పిల్లను కళ్ళెదుటే పెట్టుకుంటోంది. పొలంలో అయితే గట్టు మీద గుడ్డ పరిచి వదిలిపోవాలి. కిందటి వానల్లో తోటి కూలి చంద్ర అలా వదిలిన బిడ్డ మళ్ళీ కళ్ళు తెరవలేదు.

తను ఏం తప్పు చేసిందో ఆమెకు ఇంకా అర్థం కాలేదు. దొర గోడ మీది నూనెరంగుల పటాన్ని చూపించాడు. దాన్ని నువ్వే పాడుచేశావంటున్నాడని పోతయ్య చెప్పాడు. దుమ్ము దులపడమే గాని ఆ పటాన్ని ఆమె ఎన్నడూ నిదానంగా చూసింది లేదు. ఇప్పుడు చూసింది.

రెండు కొండల నడుమ లోయ. పొద్దు గుంకే వేళ వెలుగు బెల్లప్పాకంలా కొండల మీంచి జారి ఏట్లో పడుతోంది. ఏరు ఒంపు తిరిగి మంచులోకి పోయింది. దాని వెంటే ఆమె చూపూ పోయింది. కాసేపు దొర గొంతు కూడా వినబడలేదు. ఇది ఈ పరాయి దీవిలోని రేవా నది కాదు. తన ఊరి వాగూ కాదు. మరి ఎప్పుడో చూసినట్టు ఎందుకుంది?

ఒంపు దగ్గర వడ్లగింజంత పడవ. దాని ముక్కున పసుపు, పసుపు మీద కుంకుమ చుక్క.

బంగళాలో పసుపు వాడేది తనొక్కతే. దొర అనుమానం అందుకే. కానీ పడవకు బొట్టు పెట్టేది రేవు మనుషులే అయ్యుండాలి; మెట్ట ఊళ్ళో పుట్టిన తనకు పడవల సంగతే తెలియదు. ఈ గదిలోకి తను కాక వచ్చేది సర్దారే. ఆయనేమో రైతునని అందరికీ చెప్పుకుంటాడు.

ఆమె పోతయ్య వైపు తిరిగింది. ఆయన పటంలోకే చూస్తున్నాడు.

"మీది ఏ రేవు, సర్దారు బాబూ?" అంది మెల్లగా.

"కోటిపల్లి." ఆపుకునేలోపే నోరు జారింది. తర్వాత గొంతు తగ్గించాడు. "బయల్దేరే పడవ, పిల్లా. బొట్టెట్టకుండా ఎలా తోసేది?"

కౌశల్యకు అర్థమైనట్టే ఉంది, కానట్టూ ఉంది. కొరడాతో కూలీలుండే లైన్లను గడగడలాడించే మనిషి బొమ్మ పడవకు బొట్టు పెట్టాడా? కోప్పడాలో జాలిపడాలో తేలలేదు.

ఏమంటోందని దొర అడిగినట్టున్నాడు. పోతయ్య సర్దుకుని ఏదో చెప్పాడు. దొర తలాడించి, కిటికీలోంచి చెరకు తోటకేసి వేలు చూపాడు. ఆమె తప్పు ఒప్పుకుందని చెప్పేశాడన్నమాట.

కాదని చెప్పాలన్నా ఆయన నోటి గుండానే చెప్పాలి. ఓడ దిగి ఏడాదైనా కాలేదు, ఆమెకు దొర మాటలు రావు. పాప చంకలో కదిలింది. ఒక్క మాటకు మాత్రం మధ్యలో మనిషి అక్కర్లేదు.

ఆమె పటంలోని పడవ మీద వేలు పెట్టి, దొర కళ్ళలోకి చూసి, గట్టిగా అంది.

"పోతయ్య."