వచ్చి చూశామన్న ముద్ర

నేను ఒక రబ్బరు ముద్రను. బొటనవేలంత చెక్క పిడి, దాని అడుగున చిన్న రబ్బరు పట్టీ, ఆ పట్టీ మీద తిరగేసి చెక్కిన రెండు మాటలు: 'స్వయముగా పరిశీలించడమైనది'. అంటే బడికి వెళ్ళి, మా కళ్ళతో మేమే చూశామని అర్థం. జిల్లా కోర్టు ఎదురుగా ముద్రలు చేసే బడ్డీలో పుట్టాను. నన్ను చెక్కినవాడు పని అయ్యాక ఆ మాటలు ఒకసారి చదువుకుని కిసుక్కున నవ్వాడు. వీడెందుకు నవ్వాడా అని నాకు అప్పుడే అనుమానం పట్టుకుంది. అది నన్ను ఇప్పటికీ వదల్లేదు. నా బుద్ధే అంత అనుకోండి.

నన్ను కొనుక్కొచ్చినవారు మండల విద్యా కార్యాలయంలో సీనియర్ అసిస్టెంటు సూర్యప్రకాశం గారు. చాలా మంచి మనిషి. ఎవరినీ పల్లెత్తు మాట అనరు, ఏ కాగితాన్నీ చదివి బాధపెట్టరు. పదకొండేళ్ళు ఆయన సొరుగులో కాపురం చేశాను. మండలంలో నలభై మూడు బళ్ళు. తనిఖీ బడికి వెళ్ళాలని మీరనుకుంటారు కాబోలు, పిచ్చివాళ్ళు! మా దగ్గర బడే తనిఖీకి వచ్చేది. నెలాఖరున హాజరు పట్టీలూ సెలవు చీటీలూ గోనెసంచిలో దిగేవి. ఆయన టీ గ్లాసు పక్కకు జరిపి, నన్ను స్టాంపు ప్యాడ్‌కి అద్ది, టపటపా మొత్తేసి తిరిగి పంపేసేవారు.

"ఈ ముసురులో ఆ వాగులూ గెడ్డలూ దాటి ఎవడెళ్తాడండీ?" అనేవారు వానాకాలం. ఎండాకాలం వస్తే, "ఈ ఎండలో ఎవడెళ్తాడండీ?" అనేవారు. చలికాలానికి ఏం కారణం చెప్పేవారో నాకు గుర్తులేదు. అప్పటికి అడిగేవాళ్ళు అడగడం మానేసి ఉంటారు.

ఇలా ఉండగా ఒకనాడు ప్రభుత్వానికి బళ్ళ మీద ఉన్నట్టుండి ప్రేమ పుట్టుకొచ్చింది. మాస్టర్లను వేసే ఆఫీసూ, వాళ్ళు వస్తున్నారో లేదో చూసే ఆఫీసూ ఒకటే అయితే కంచే చేను మేసినట్టేనని ఎవరో పెద్దలు కనిపెట్టారట. అందుకని తనిఖీకి విడిగా ఒక విభాగం పెట్టారు. ఇకమీదట ముద్ర బడి ఆవరణలోనే పడాలి, అదీ తల్లిదండ్రుల ఎదుట పడాలి. కొత్త కాగితం మీద రెండు గళ్ళు: 'పాఠశాల పనిచేయుచున్నది', 'పాఠశాల పనిచేయుట లేదు'. నియమించిన ఉపాధ్యాయుడు ఆరు నెలలకు మించి రాకపోతే రెండో గడిలో టిక్కు. అలాంటి బడిని మూసి పక్క ఊరి బడిలో కలిపేస్తారు.

ఆ విభాగం తరఫున వచ్చిన అధికారిణి హైమవతి గారు. యాభై దాటిన మనిషి, ఇరవై రెండేళ్ళు పాఠాలు చెప్పి వచ్చినావిడ. వచ్చిన రోజే సొరుగులోంచి నన్ను తీసి తన చేతిసంచీలో వేసుకుంది. సూర్యప్రకాశం గారు కంగారుపడ్డారు. "మీకెందుకండీ శ్రమ, ఇక్కడే కొట్టేద్దాం" అన్నారు. ఆవిడ సంచీ మూతి బిగించింది. కొత్త బిచ్చగాడు పొద్దెరగడు అనుకున్నాను నేను. రెండు నెలలు పోతే ఈవిడా సొరుగు దారే పడుతుందని నా లెక్క.

జూలైలో ఒకరోజు గెడ్డవతలపేట బయలుదేరాం. పేరులోనే ఉంది కదా, ఊరు గెడ్డకు అవతల. నీళ్ళు తొడలదాకా ఉన్నాయి. ఆవిడ చెప్పులు ఒక చేత్తో పట్టుకుని, సంచీ నెత్తిన పెట్టుకుని దాటింది. సంచీలో ఉన్న నాకు ప్రాణం గుప్పిట్లోకి వచ్చింది. నీళ్ళ చప్పుడు వినడం నాకదే మొదలు. ఆ బడిని కలపాల్సి వస్తే, కలిపేది ఇవతలి ఒడ్డున ఉన్న బడిలో.

ఒకటే గది, ముందు వరండా. వరండాలో పొయ్యి మీద అన్నం ఉడుకుతోంది. గదిలో పద్దెనిమిది మంది పిల్లలు నేల మీద కూర్చుని ఎక్కాలు వల్లిస్తున్నారు. బోర్డు దగ్గర నలభై అయిదేళ్ళ మనిషి, కొంగు నడుముకు దోపుకుని, తడి చేత్తో సుద్దముక్క పట్టుకుని నిలబడి ఉంది. మధ్యాహ్న భోజనం వండే పైడమ్మ. మమ్మల్ని చూడగానే గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు సుద్దముక్క వెనక్కి దాచేసింది.

"మాస్టారేరి?" అంది హైమవతి గారు.

"మాస్టారు గోరు ఇప్పుడే అలా బయటికెల్లేరమ్మా."

ముందు వరసలో ఉన్న గౌరి అనే పిల్ల తలెత్తి, "ఏ మాస్టారు పైడమ్మత్తా?" అంది.

పైడమ్మ ముఖం పాలిపోయింది. హైమవతి గారు హాజరు పట్టీ తెప్పించుకుంది. సెలవు పెట్టిన రోజులు తప్ప తేజోమూర్తి మాస్టారి సంతకం నాలుగేళ్ళుగా రోజూ ఉంది. గుండ్రంగా, పొందికగా, ఒక్క కొట్టివేత లేకుండా ఉంది. మగవాడి సంతకం ఇంత బుద్ధిగా ఉంటుందా అని నాకే అనుమానం వచ్చింది. నెలనెలా దాని కిందే పడ్డానే, ఒక్కనాడూ తేరిపార చూడలేదు. తరవాత సెలవు చీటీలు తీసింది. ఒకదాని దగ్గర ఆగి, పైకి చదివింది.

"అయ్యా, మా పెద్దమ్మాయికి పురుడు వచ్చినందున మూడు దినములు సెలవు ఇప్పించ ప్రార్థన. ఇట్లు తమ విధేయుడు, తేజోమూర్తి."

కళ్ళజోడు తీసి పైడమ్మ వైపు చూసింది. "తేజోమూర్తి గారి వయసెంతమ్మా?"

"ముప్పై ఉంటాయేమో తల్లీ."

"పెళ్ళైందా?"

"నేదండి." అనేసి, చేసిన పొరపాటేమిటో అప్పుడు తెలిసి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

నాలుగేళ్ళ కిందట ఆ మాస్టారు, "వారం రోజులు పిల్లల్ని చూసుకో, రిజిస్టరు నింపుతుండు" అని చెప్పి వెళ్ళాడట. ఆ వారం ఇంకా అవలేదు. ఎనిమిదో తరగతి దాకా చదివిన పైడమ్మ, వంట పొయ్యి మీద ఉడుకుతుంటే అఆలు దిద్దించింది. రిజిస్టరు నింపడమంటే నిజాయితీగా నింపాలనుకుంది. తను వచ్చిన రోజు మాస్టారి సంతకం పెట్టింది, రాని రోజు మాస్టారి పేరిట సెలవు చీటీ రాసింది. తన జ్వరాలూ, తన కూతురి పురుడూ పెళ్ళికాని మాస్టారి ఖాతాలో వేసింది. ఆ చీటీ మీద ఎర్రగా, వంకరగా నేనున్నాను. పరిశీలించడమైనది! సిగ్గుతో నా రబ్బరు ముడుచుకుపోయింది. తిలా పాపం తలా పిడికెడు అంటారు, అందులో పెద్ద పిడికెడు నాదే.

"నన్ను జైల్లో ఎట్టీసినా ఎట్టీండమ్మా. బడి మాత్రం ముయ్యీకండి. గెడ్డ దాటి ఈ పిల్లలు ఎల్లనేరు. వానలు తగ్గినాక ఎల్దారంటే, అప్పటికి పలకలు మర్చిపోయి పశువులెనక పడతారు. ఈ గుంట పిల్ల గౌరి ముందు పడద్ది" అంది పైడమ్మ. కళ్ళు తుడుచుకోలేదు కూడా.

అంతలో పక్క వాకిట్లో కోడి గోలపెట్టింది. తల్లిదండ్రుల కమిటీ పెద్ద సత్తియ్య దాని కాళ్ళు కడుతున్నాడు. సరే, వ్యవహారం కోడి దాకా వచ్చిందన్నమాట, ఇక మొదటి గడిలో టిక్కు పడుతుంది, మాస్టారు హాయిగా ఊళ్ళు తిరుగుతాడు, పైడమ్మ ఇంకో నాలుగేళ్ళు దొంగ సంతకాలు పెడుతుంది అనుకున్నాను. హైమవతి గారు కోడిని విప్పించేసి, పిల్లల వరసలో కూర్చుని పప్పుచారన్నం తింది. నాకు ఇంకా నమ్మకం కుదరలేదు. పప్పుచారుకి పడిపోయేవాళ్ళూ ఉంటారు.

తిన్నాక పిల్లల చేత చదివించింది. గౌరికి పుస్తకం ఇవ్వబోతే, ఆ పిల్ల సెలవు చీటీ లాక్కుని నన్నే చదివింది. "స్వ...య...ముగా ప...రిశీ...లించ...డమైనది. అంటే ఏటత్తా?"

"ఆపీసోలు ఒచ్చి సూసేరని, అమ్మా."

"ఎవులొచ్చేరు? మరి ఎవులూ రానేదు కదా!"

సంచీలో ఇంకా లోపలికి దూరిపోవాలనిపించింది నాకు.

హైమవతి గారు కొత్త కాగితం ముందు పెట్టుకుంది. రెండో గడి నింపితే నిజం చెప్పినట్టు, బడి పోయినట్టు. మొదటిది నింపితే బడి నిలిచినట్టు, అబద్ధం నిలిచినట్టు. చివరికి రెండు గళ్ళనూ వదిలేసి, మధ్యలో ఉన్న సందులో ఇరికించి రాసింది: 'పాఠశాల పనిచేయుచున్నది. ఉపాధ్యాయుడు పనిచేయుట లేదు. సంతకములు పైడమ్మవి, ముద్రలు మావి. శిక్ష ముందు మాకు పడవలెను.' సాక్షిగా సంతకం పెట్టమని పైడమ్మకి కలం ఇచ్చింది. ఆ మనిషి అలవాటు చొప్పున 'తేజో' అని మొదలుపెట్టింది. పిల్లలు గొల్లుమన్నారు. "నీ పేరు రాయమ్మా" అంది హైమవతి గారు మెల్లగా. కొట్టేసి, 'పైడమ్మ' అని రాయడానికి చాలాసేపు పట్టింది. దాని పక్కన నన్ను అద్దారు.

ఆ కాగితం మూడుసార్లు తిరిగొచ్చింది. 'గడులలో ఒకటి మాత్రమే నింపవలెను' అని పైవాళ్ళ రాత. హైమవతి గారు మూడుసార్లూ అదే మాట రాసి పంపింది. సూర్యప్రకాశం గారికి 'ముద్రలు మావి' అన్న మాట చూసి రెండు రోజులు అన్నం సహించలేదు. ఫైలు ఏ బల్ల కింద నిద్రపోయిందో, ఎవరు ఎవరికి ఏం చెప్పుకున్నారో నేనెరుగను. దీపావళి వెళ్ళాక ఉత్తర్వు వచ్చింది. తేజోమూర్తిని సస్పెండు చేశారు. విలీనం ఆపారు. కొత్త మాస్టారిని వేశారు. పైడమ్మను హెచ్చరించి వదిలేసి, వంటకు పరిమితం కావాలన్నారు. నాలుగేళ్ళు ఆమె చెప్పిన చదువు గురించి ఒక్క ముక్క లేదు. నాకు ఒళ్ళు మండిపోయింది.

డిసెంబరులో మళ్ళీ వెళ్ళాం. గెడ్డలో నీళ్ళు మడమల దాకానే ఉన్నాయి. కొత్త మాస్టారు పాతికేళ్ళవాడు, ఇస్త్రీ చొక్కా, వేళకే వచ్చాడు. వీడెన్నాళ్ళుంటాడో అని నా అనుమానం నాకుంది. మమ్మల్ని చూసి పిల్లలంతా లేచి నిలబడ్డారు.

"కూర్చోండి" అన్నాడు మాస్టారు.

ఎవరూ కూర్చోలేదు. గట్టిగా ఇంకోసారి అన్నాడు. పద్దెనిమిది తలలూ వరండా వైపు తిరిగి ఉన్నాయి. అక్కడ పొయ్యి ముందు పైడమ్మ, ఏమీ విననట్టు తల వంచుకుని గరిటె తిప్పుతోంది. మాస్టారి ముఖం ఎర్రబడింది. హైమవతి గారు నన్ను చేతిలోకి తీసుకుని, ఎక్కడా అద్దకుండా అలాగే పట్టుకుని కూర్చుంది.

పైడమ్మ వెనక్కి తిరక్కుండానే, గొంతు సవరించుకుని అంది.

"కూకోండర్రా. సారు గోరు సెప్తన్నారు కదా."

అప్పుడు కూర్చున్నారు.