శనివారం తలంటు

టోపీ లోపలి పదహారు లోహపు గుండీల్లో పదకొండోది కడిగేసరికి జయరత్నానికి నడుము పట్టేసింది. కొళాయి కట్టేసి, గోడకు చెయ్యి ఆనించి, కాసేపు అలాగే నిలబడ్డాడు. తర్వాత చిన్నపిల్లలు పళ్ళు తోముకునే మెత్తటి బ్రష్షుతో మిగతా ఐదింటినీ శుభ్రం చేశాడు. నిన్నటి రోగి తలకు పూసిన జెల్లు ఎండిపోయి, గుండీల అంచుల్లో పిండిలా తెల్లగా పేరుకుంది. దాన్ని గోటితో గీకకూడదు. గుండీ మీద గీత పడితే టోపీకి మెదడు మాట సరిగ్గా వినపడదని వసుధ మొదటిరోజే చెప్పింది.

వసుధ కుప్పంలో పీహెచ్‌డీ చేస్తున్న అమ్మాయి. పక్షవాతంతో చెయ్యి పడిపోయిన మనిషి ఆ చేతిని తెరవాలని మనసులో అనుకుంటే చాలు, టోపీ ఆ తలపును పట్టుకుని చేతికి తొడిగిన గ్లోవుకు అందిస్తుంది. గ్లోవులోని చిన్న మోటార్లు వేళ్ళను తెరుస్తాయి. అలా తెరిచీ తెరిచీ కొన్నాళ్ళకు చెయ్యి తనంతట తానే తెరుచుకోవడం నేర్చుకుంటుందా? ఐదేళ్ళుగా ఆమె తేల్చుకోలేకుండా ఉన్న ప్రశ్న అది. మదనపల్లెలో ఒక ఆసుపత్రి ఫిజియోథెరపీ గదిలో ముప్పై రెండేళ్ళు అటెండరుగా చేసి రిటైరైన జయరత్నాన్ని, రోగుల తలలు కడగడానికీ, టోపీ పెట్టడానికీ, పెట్టె మోయడానికీ ఆమె పనిలో పెట్టుకుంది. పాత గది వెనకాల ఉన్న స్టోరురూములోనే ఇప్పుడూ అతని పని. అదే కొళాయి, అదే నడుంనొప్పి.

మనిషి పొడుగు. మంచాల మీదికి వంగీ వంగీ భుజాలు ముందుకు వాలిపోయాయి. వేళ్ళ కొసలు ఎప్పుడూ నీళ్ళలో నాని ముడతలు పడి ఉంటాయి. గోళ్ళు కండ దాకా కత్తిరించుకుంటాడు, రోగి తల గీసుకుపోకుండా.

టోపీని గుడ్డతో అద్ది, గ్లోవు పక్కన పెట్టెలో సర్దాడు. ఈరోజు పుంగనూరులో లక్ష్మీపతి అనే రోగికి ఆఖరి పరీక్ష. పన్నెండు వారాల అభ్యాసం అయిపోయింది. పదిసార్లు గంట మోగుతుంది. మోగిన ఐదు సెకన్ల లోపల చెయ్యి తెరవాలనే తలపు టోపీకి అందాలి. పదింట్లో ఆరుసార్లు అందితే గ్లోవు ఇకమీదట మూడు నెలలు ఆయన ఇంట్లోనే ఉంటుంది. లేకపోతే ఈ సాయంత్రమే కుప్పం పోతుంది. పోయినవారం ఏడుసార్లు అందింది.

నిజానికి ఈ పరీక్ష గురువారం జరగాల్సింది. గురువారం జయరత్నం భార్య మేరమ్మ పోయి ఏడాది. ఇంట్లో ప్రార్థన పెట్టుకున్నాడు. శనివారానికి మారుస్తావా అమ్మా అని వసుధను అడిగాడు. ఏ పనిలోనైనా అతను తన కోసం ఒకటి అడగడం అదే మొదటిసారి. ఆమె వెంటనే సరేనంది.

బస్సులో సీటు దొరికింది. పెట్టెను ఒళ్ళో పెట్టుకుని రెండు చేతులతో పట్టుకున్నాడు. పక్కన కూర్చున్న ముసలావిడ చాలాసేపు చూసింది.

"ఏముండాదప్పా దాంట్లో? కోడిపిల్లలా?"

"చెయ్యమ్మా."

"సెయ్యా!" ఆమె కిటికీ వైపు జరిగింది. "మనిషి యాడ?"

"పుంగనూర్లో ఉండాడు. ఆయప్పకే తీసకపోతాండా."

 ఆ తర్వాత మలుపుల దగ్గర బస్సు ఊగినప్పుడల్లా పెట్టె జారకుండా ఆమె కూడా ఒక చెయ్యి వేసింది. దిగేదాకా అలాగే వేసి ఉంచింది.

లక్ష్మీపతి ఇంటి గేటు తీస్తూనే జయరత్నం ఆగిపోయాడు. వసారాలో కుర్చీ మీద లక్ష్మీపతి ఉతికిన చొక్కా వేసుకుని కూర్చుని ఉన్నాడు. ఎండ పడి ఆయన తల అద్దంలా మెరుస్తోంది. చెవుల వెనక నుంచి మెడ మీదికి జిడ్డు కారుతోంది.

"రెడ్డెమ్మా, తలకి నూనె పెట్టినారా?"

లక్ష్మీపతి భార్య రెడ్డెమ్మ తడిచేతులు కొంగుకు తుడుచుకుంటూ బయటికొచ్చింది. "శనివారం గదప్పా. పరీచ్చ కూడా ఉండాదని తెల్లార్తోనే ఆముదం పెట్టి బాగా మర్దన సేసినా. తల సల్లగా ఉంటే తెలివి బాగా పని సేస్తాది గదా. నువ్వొచ్చేలోపల నీళ్ళు పోస్తామనుకుంటి. యాల, ఏమాయె?"

జిడ్డు ఉంటే గుండీ తలకు అంటదు. టోపీ పెట్టినా పెట్టనట్టే.

"నూనె పెట్టొద్దని చెప్పింటి కదమ్మా."

"మంగళవారం, గురువారం వద్దంటివి. శనివారం వద్దంటివా?"

లేదు. ఆమె మాటలో తప్పులేదు. ఇరవై నాలుగుసార్లు వచ్చాడు, ఒక్కసారి కూడా ఆమె ఆయన తలకు నూనె చుక్క పెట్టలేదు. శనివారం మగవాళ్ళు తలంటు పోసుకుంటారని ముప్పై రెండేళ్ళు ఇలాంటి రోగుల మధ్యే బతికిన తనకు తెలియదా? తన ఇంట్లో శనివారమంటే మర్నాటికి చర్చి ఊడ్చే రోజు. వారం మార్చమని అడిగినవాడు, ఆ మారిన వారంలో ఏముందో చూసుకోలేదు.

ఫోను చేశాడు. వసుధకు నూనె సంగతి చెప్పాడు.

"ఇంకోరోజు పెట్టుకుందామంటే కుదరదంకుల్. ఈయనకి ఆరు రాకపోతే సోమవారం ఆ గ్లోవు ఇక్కడ ఇంకొకాయనకి తొడగాల. ఆయన ఆర్నెల్లుగా ఎదురుచూస్తాండాడు. ఎంతసేపట్లో కడగ్గలరు?"

"మూడు దఫాలు పోస్తే పోతాది."

"లక్ష్మీపతిగారు అలిసిపోకుండా చూసుకోండి."

రెడ్డెమ్మ నీళ్ళు కాచింది, సీకాయపొడి కలిపి ఇచ్చింది. లక్ష్మీపతిని పెరట్లో బండ మీద స్టూలు వేసి కూర్చోబెట్టి, జయరత్నం ఎడమచేత్తో ఆయన నుదురు పట్టుకుని, కుడిచేత్తో రుద్దాడు. ఆముదం మొండిది. ఒకసారి పోస్తే పైపైన పోతుంది, రెండోసారి పోస్తే పోయినట్టు అనిపిస్తుంది. చెవి వెనక గుంటలో, పెడతల దగ్గర దాక్కుని ఉంటుంది. ఆ చోట్లు అతని వేళ్ళకు తెలుసు. ఎన్ని తలలు కడిగాడో అతనికి లెక్కలేదు. ఆఖరి నెలల్లో మేరమ్మ తలా ఇలాగే కడిగాడు. నీళ్ళతోపాటు వెంట్రుకలు వచ్చేసేవి. ఆమె చూడకుండా వాటిని గుప్పిట్లో దాచుకుని జేబులో వేసుకునేవాడు.

మొదటి దఫాకు లక్ష్మీపతి హాయిగా మూలిగాడు. పక్షవాతం వచ్చాక ఆయనకు మాట కూడా సరిగ్గా రాదు. రెండో దఫాకు కళ్ళు మూసుకున్నాడు. మూడో దఫాకు తల జయరత్నం అరచేతిలోకి వాలిపోయింది.

"నిద్ర పోవద్దప్పా," అన్నాడు జయరత్నం. "ఇంగొక్క గంట ఓర్చుకో. తర్వాత పండుకుందువు."

"అం," అన్నాడు లక్ష్మీపతి.

టోపీ పెట్టి, జెల్లు నింపి, గ్లోవు తొడిగేసరికి పన్నెండు దాటింది. ఫోను తెర మీద మెదడు గీతలు నిలకడగానే ఉన్నాయి; కుప్పంలో వసుధకూ అవే కనిపిస్తాయి. తల శుభ్రమైంది. కానీ ఆ తల మోస్తున్న మనిషి అప్పటికే అలిసిపోయాడు.

మామూలు రోజుల్లో అయితే జయరత్నం చెవి దగ్గర మాట సాయం చేసేవాడు. చెయ్యి తెరువు అంటే లక్ష్మీపతికి అందేది కాదు. ఆయన టమోటా రైతు. కర్రకు మొక్కను కట్టి, పురిదారం వదిలేసే పని ఆ చేతికి అలవాటు. దారం వదులప్పా అంటే వేళ్ళు కదిలేవి. పరీక్షలో అలా చెప్పకూడదు. గంట ఒక్కటే మాట్లాడాలి.

గంట మోగింది. గ్లోవు తెరుచుకుంది. రెండోసారీ తెరుచుకుంది. మూడు, నాలుగు కాలేదు. ఐదు అయింది. ఆరు కాలేదు. రెడ్డెమ్మ తలుపు పట్టుకుని, తన చెయ్యి తనే మూసి తెరుస్తోంది. ఏడు, ఎనిమిది అయ్యాయి. తొమ్మిదోసారి లక్ష్మీపతి రెప్పలు వాలాయి, కాలేదు. ఐదు వచ్చాయి. ఇంకొక్కటి కావాలి.

పదో గంట మోగింది. జయరత్నం పెదవులు బిగించి నిలబడ్డాడు. ఐదు సెకన్లు గడిచాయి. తెర మీద గడువు చూపే దీపం ఆరిపోయింది. అప్పుడు, చాలా నెమ్మదిగా, ముందు చూపుడువేలు, దాని వెనకే తక్కినవీ తెరుచుకున్నాయి.

"తెరిసినాడు! సూడప్పా, తెరిసినాడు!" అని అరిచింది రెడ్డెమ్మ.

తెర మీద ఐదు అని ఉంది.

"పదోది కూడా తెరిసినాడమ్మా," అన్నాడు జయరత్నం ఫోనులో. "రొంత తడవైంది, అంతే."

"నాకూ కనిపిస్తాంది అంకుల్. లెక్కలోకి రాదు. ఈయనకి ఒప్పుకుంటే, ఐదుకే ఆగిపోయిన మిగతావాళ్ళకి నేనేం చెప్పాల?" ఆమె గొంతులోనూ అలసట ఉంది.

"తప్పు నాదమ్మా. గురువారమే పెట్టుకొనుంటే..."

"తీసుకొచ్చేయండంకుల్," అంది ఆమె మెల్లగా.  తప్పు ఎవరిదని అడగలేదు.

రెడ్డెమ్మకు విషయం చెప్పాడు. ఆమె ఏడవలేదు. "నేను పెట్టిన నూనె," అంది. "కాదమ్మా, నేను మార్చిన వారం," అన్నాడతను. 

గ్లోవు పట్టీలు విప్పబోతే లక్ష్మీపతి మంచి చేత్తో దాన్ని పట్టుకున్నాడు. జయరత్నం లాగలేదు. పక్కన కూర్చుని వేచి ఉన్నాడు.

"ఇడువు," అంది రెడ్డెమ్మ. "ఆయప్పకి బస్సు పోతాది."

లక్ష్మీపతి వదిలాడు. జయరత్నం గ్లోవు తీశాడు. తీసిన కాసేపటికే వేళ్ళు ఒక్కొక్కటిగా లోపలికి ముడుచుకోవడం మొదలైంది. అలా వదిలేస్తే గోళ్ళు అరచేతిలోకి దిగుతాయి. పుండు పడుతుంది. జయరత్నం తన సంచి తీసి, అన్నం గిన్నెకు కట్టుకున్న ఎర్రగళ్ళ గుడ్డ విప్పాడు. నాలుగు మడతలు వేసి, గట్టిగా చుట్టచుట్టి, ముడుచుకుంటున్న వేళ్ళ కింద పెట్టాడు.

"దినానికి రెండుసార్లు తీసి, చెయ్యి తుడిసి మళ్ళీ పెట్టమ్మా. ఇంతే లావుండాల. సన్నగా సుట్టొద్దు."

"నీ సద్ది గుడ్డ గదప్పా ఇది. నువ్వేం సేస్తావు?"

"గిన్నె ఉండాది లేమ్మా."

పలమనేరులో బస్సు మారి, నిలబడే చాలాదూరం వచ్చాడు. సంచిలో గిన్నె మూత ఊడిపోయి, గతుకు వచ్చినప్పుడల్లా మోగింది. చిత్రాన్నం సంచి నిండా చిమ్మింది. కుప్పం చేరేసరికి పొద్దు వాలుతోంది. వసుధ గదిలో ఒక్కతే ఉంది. ఆమె కళ్ళ కింద నల్లటి వలయాలు. మంచినీళ్ళు ఇచ్చి, కుర్చీ జరిపి, అతను కూర్చున్నాకే జాబితా తీసింది. టోపీ, గ్లోవు, బ్యాటరీ, వైర్లు, రెండు జెల్లు ట్యూబులు. ఒక్కొక్కదాని పక్కన గీత పెట్టింది.

"అక్కడేం మర్చిపోలేదు కదా అంకుల్?"

"లేదమ్మా."

పుంగనూరులో, నిద్రపోతున్న లక్ష్మీపతి గుప్పిట్లో ఎర్రగళ్ళ గుడ్డ చుట్ట ఉంది. పసుపు మరక పడిన దాని అంచు ఒకటి, చిటికెనవేలి కింద నుంచి కొంచెం బయటికి వచ్చి వేలాడుతోంది.