ఒక నూలు వాలు

మా మరిది కంటికి వెయ్యాల్సిన పొర చిరిగిపోయిన రోజు నేను అందరినీ తిట్టాను. డాక్టరమ్మని మనసులో, మా ఆయన్ని ఫోన్లో, మా మరిదిని మొహం మీదే. తిట్టాల్సిన మనిషిని ఒక్కదాన్నే వదిలేశాను. ఆ మనిషి ఎవరో చెప్పడానికే ఈ కథ.

నా పని చుక్కలు కొలవడం. కంటి ఆసుపత్రి వెనకవైపు, కణాలు పెంచే గదుల పక్కన, నాకో ఇరుకు గది ఉంది. అక్కడ చిన్న చిన్న ప్లాస్టిక్ పళ్లేల మీద సన్నటి పూత వేస్తాను. ఆరాక దాని మీద సూదితో ఒక నీటిచుక్క పెట్టి, పక్కనుంచి కెమెరాతో ఫొటో తీసి, చుక్క అంచు పళ్లేన్ని ఏ కోణంలో తాకుతోందో చూస్తాను. చుక్క గుండ్రంగా నిక్కి నిలబడితే ఆ పూతకి నీళ్లంటే గిట్టదని లెక్క. పరుచుకుంటే ఇష్టమని లెక్క. ఇరవై రెండేళ్లుగా ఇదే పని కాబట్టి ఆసుపత్రిలో అందరికీ నేను చుక్కలమ్మని.

మేం వాడే పూతకి ఒక విచిత్రమైన గుణం ఉంది. ఒంటి వేడిలో ఉంచితే నీటిని దూరం పెడుతుంది, అప్పుడు కణాలు దాని మీద అతుక్కుని హాయిగా పెరుగుతాయి. చల్లబరిస్తే నీళ్లు పీల్చుకుని ఉబ్బి పట్టు వదిలేస్తుంది. అప్పుడు గీకక్కర్లేదు, కొయ్యక్కర్లేదు, కణాలన్నీ కలిసి ఒకే పొరగా లేచి వస్తాయి. ఆ పొరని తీసుకెళ్లి పాడైన కంటి మీద పరుస్తారు.

మా మరిది తాపీమేస్త్రీ. నేను కాపురానికి వచ్చేనాటికి వాడికి పదకొండేళ్లు, నా వెనకే తిరుగుతూ పెరిగాడు. వాడి జేబులో ఎప్పుడూ జానెడు రసమట్టం ఉంటుంది. అందులో గాజు గొట్టం, గొట్టంలో ద్రవం, ద్రవంలో ఒక బుడగ. బుడగ నడిమికి వస్తే మట్టం సరిగ్గా ఉన్నట్టు. తన పెళ్లిలో చుట్టాలు కూర్చున్న బల్లలు వాలాయని, వాటి కింద చెక్కముక్కలు సర్దుతూ కూర్చున్నాడు మహానుభావుడు. పెళ్లికూతురు పీటల మీద ఎదురుచూస్తోంది. అప్పటినుంచీ ఇంట్లో వాడి పేరు మట్టంగాడు.

పోయినేడు పరంజా మీద ఉండగా సున్నం వాడి ఎడమకంట్లో పడింది. కన్ను మిగిలింది గానీ నల్లగుడ్డు మీద తెల్లటి పొర కమ్మేసింది. వెలుతురు తప్ప ఇంకేమీ తెలియదు. ఒంటికంటివాణ్ణి పరంజా ఎక్కనివ్వనన్నాడు కంట్రాక్టరు. పాతికేళ్లు గోడలు లేపినవాడు కింద కూర్చుని ఇటుకలు తడుపుతుంటే చూడలేకపోయేదాన్ని.

డాక్టరమ్మ వాడి కుడికంటి అంచు నుంచి నువ్వుగింజంత ముక్క తీసింది. దాన్ని నేను పూత వేసిన పళ్లెంలో పెంచారు. రెండు వారాలకి పొర తయారైంది. ఆపరేషన్ రోజు పళ్లేన్ని చల్లబరిస్తే కుడివైపు అసలు కణాలే లేవు. ఎడమవైపు ఉన్నవి పట్టు వదల్లేదు. లాగి చూస్తే మొత్తం పీలికలైంది.

మంచి కంటి నుంచి ఇంకొక్కసారి మాత్రమే ముక్క తియ్యగలనని, మూడోసారి తీస్తే ఆ కంటికీ ప్రమాదమని డాక్టరమ్మ చెప్పింది. అంటే మిగిలింది ఒక్క అవకాశం. కణాలు పెంచేవాళ్లు, వాడి కణాలే బలహీనంగా ఉన్నాయన్నారు. నేను వెంటనే అందుకుని, బీడీలు మానమని ఎన్నిసార్లు చెప్పానురా అని మా మరిది మీద విరుచుకుపడ్డాను. నా కాగితాలు తీసి బల్ల మీద కొట్టాను. ఏ పళ్లెం కొలత చూసినా వంక పెట్టడానికి లేదు. నా చుక్కలు అబద్ధం చెప్పవన్నాను.

మర్నాడు పొద్దున వాడే వచ్చాడు, నా కోపం తగ్గిందేమో చూడ్డానికి. నడవలోంచి మా గదిలోకి పెద్ద అద్దం ఉంది. నేను లోపల పూత పని చూసుకుంటున్నాను. వాడు అద్దానికి మొహం ఆనించి ఎంతసేపటికీ కదల్లేదు. ఏమిట్రా అంటూ బయటికి వచ్చాను.

"వదినా, నీ బల్ల వాలింది."

నాకు ఒళ్లు మండిపోయింది. ఆ బల్ల మీదే కదా పూత వేసిన పళ్లేలు ఆరబెట్టేది.

"రెండు కళ్లున్న మాకెవరికీ కనబడనిది నీకు ఒంటికంటితో కనబడిందా?"

అనేశాక నాలుక కరుచుకున్నాను. వాడు మాత్రం నవ్వేశాడు.

"గోడ వాలు చూసేటప్పుడు ఎలాగూ ఒక కన్ను మూసుకునే చూస్తాం వదినా. నాకిప్పుడు ఆ మూసుకునే పని తప్పింది, అంతే. ఆ సీసాలో నీళ్ల గీత చూడు, బల్ల అంచు చూడు. రెండూ కలవట్లేదు. మూరకి ఒక నూలు వాలు ఉంటుంది."

నూలంటే అంగుళంలో ఎనిమిదో వంతు. వాడి నోరు మూయించడానికే రసమట్టం అడిగి తీసుకున్నాను. స్పిరిట్‌తో తుడిచి, లోపలికి పట్టుకెళ్లి బల్ల మీద పెట్టాను. బుడగ ఎడమవైపుకి పోయి అక్కడే కూర్చుంది. తిప్పి పెట్టినా అటే పోయింది.

వంగి బల్ల కింద చూశాను. కుడికాలి కింద మడతపెట్టిన అట్టముక్క ఉంది. రెండేళ్ల కిందట బల్ల ఊగుతుంటే నేనే పెట్టాను. మనిషిని పిలిపించి కాలు బాగుచేయించడం ఎందుకు, అట్టముక్క చాలదా అని అప్పుడు నా తెలివికి నేనే మురిసిపోయాను కూడా. రోజూ నేల కడిగే నీళ్లకి నాని నాని, ఆ అట్ట ఇప్పుడు పిండైపోయింది. బల్ల కుడివైపుకి దిగిపోయింది.

నేల మీదే కూర్చుని లెక్క వేసుకున్నాను. పూత ద్రవం ఆరేలోపు కుడివైపుకి జారి అక్కడ మందమైంది, మందం ఎక్కువైతే కణాలు అతుక్కోవు. ఎడమవైపు మరీ పలచనైంది, అక్కడ అతుక్కున్నవి వదలవు. మరి నా కొలతలు ఎందుకు పట్టించలేదు? పళ్లేనికి చుట్టూ అంచు ఉంటుంది. ఆ అంచు కెమెరాకి అడ్డొస్తుందని ప్రతిసారీ పళ్లెం నడిమి ముక్క మాత్రమే కోసి కొలిచేదాన్ని. నడుమ ఎప్పుడూ బాగానే ఉంటుంది కదా!

ఆ రోజు అదే బల్ల మీద ఆరిన ఇంకో పళ్లెం నుంచి నడిమి ముక్కతో పాటు రెండు పక్కల ముక్కలూ కోసి, మూడింటి మీదా ముందు వేడిలో, తర్వాత చల్లబరిచి చుక్కలు పెట్టాను. చల్లబరిచాక నడుమ చుక్క చక్కగా పరుచుకుంది. ఎడమ ముక్క మీది చుక్క వేడిలో ఎంత నిక్కిందో చల్లబడ్డాకా అంతే నిక్కి కూర్చుంది. కుడి ముక్క మీది చుక్క తగలగానే నిలవకుండా అంచుదాకా పారిపోయింది. మూడు ఫొటోలూ పట్టుకుని డాక్టరమ్మ గదికి వెళ్లి, తప్పు కణాలది కాదు, నాదని చెప్పాను. తర్వాత నడవలోకి వచ్చి మా మరిదికీ చెప్పాను. తలెత్తి చూడ్డానికి నాకు మొహం చెల్లలేదు. ఈసారి పూత ఇంకెవరితోనైనా వేయిద్దామన్నాను.

ఎప్పుడూ ముక్కు మీద కోపంతో మాట్లాడే వదిన ఏడుస్తుంటే ఎటు చూడాలో వాడికి తెలియలేదు.

"గోడ వంకరొస్తే కట్టిన మేస్త్రీయే పడగొట్టి మళ్లీ కడతాడు వదినా. వంకర ఎక్కడొచ్చిందో వాడికే కదా తెలిసేది. నువ్వు వేస్తేనే నా కన్ను ఇస్తాను. లేదంటే ఇటుకలు తడుపుకుంటాను."

మర్నాడే వాడికి టోపీ, గౌను తొడిగి లోపలికి తీసుకెళ్లాను. బల్ల నాలుగు కాళ్లకీ మరలున్న ఇనప పాదాలు బిగించాడు. రెండు గంటలు పట్టింది. నిలువునా అడ్డంగా మూలమూలకీ రసమట్టం పెట్టి, బుడగ నడిమిలోంచి వెంట్రుకవాసి కదిలినా మళ్లీ మర తిప్పాడు. నేనెప్పుడైనా చుక్కల విషయంలో అంత సతాయిస్తే గదిలోవాళ్లు చెవులు మూసుకునేవాళ్లు. వెళ్తూ వెళ్తూ ఆ రసమట్టం నా కోటు జేబులో పడేశాడు.

ఆ బల్ల మీద పన్నెండు పళ్లేలకి పూత వేశాను. కోసి కొలిచిన పళ్లెం వాడకానికి పనికిరాదు, వాడబోయే పళ్లేన్ని కోసి కొలవలేం. అందుకని ఒక్కదాన్ని వదిలిపెట్టి, దాని ఇరుగూ పొరుగూ పదకొండింటినీ కోశాను. ఒక్కోదానిలో ఎడమ, నడుమ, కుడి. వేడిలో ఒకసారి, చల్లగా ఒకసారి. అరవై ఆరు చుక్కలు. అన్నీ ఒకే మాట చెప్పాయి.

మంచి కంటి నుంచి చివరి ముక్క తీశారు. ఆ రెండు వారాలూ కాలు కాలిన పిల్లిలా తిరిగాను. పొర లేపే పొద్దున డాక్టరమ్మ, పెంచేవాళ్లు ఇద్దరు, నేను, పళ్లెం చుట్టూ నిలబడ్డాం. చల్లటి పలక మీద పెట్టాం. పది నిమిషాలు ఏమీ లేదు. ఇరవై నిమిషాలకి కుడి అంచు కదిలింది. తర్వాత ఎడమ అంచు. పాల మీద మీగడలా గుండ్రంగా, ఎక్కడా చిరగకుండా, మొత్తం పొర తేలింది. నేను గట్టిగా అరిచానట, నాకైతే గుర్తులేదు. డాక్టరమ్మ మాత్రం అరవద్దనలేదు.

ఆ పొరని ఎడమకంటి మీద పరిచిన ఎనిమిది వారాలకి వాడి చూపు పరీక్ష. అప్పటిదాకా మసక తగ్గుతోందనేవాడు తప్ప ఏం కనిపిస్తోందో చెప్పేవాడు కాదు. మేం ఆశపడి భంగపడతామని వాడి భయం. నాకూ అడగాలంటే భయమే. డాక్టరమ్మ వాడి కుడికన్ను మూసేసి, ఎదురుగోడ మీది అక్షరాల పటం చూపించి చదవమంది. వాడు చదవలేదు. ఎడమకన్ను చికిలించి అటే చూస్తున్నాడు. కనబడట్లేదా అని మెల్లగా అడిగాను.

"చదువుతాను గానీ, ముందు ఆ పటం సరిగ్గా తగిలించండమ్మా. ఎడమవైపు అరంగుళం దిగింది."

డాక్టరమ్మ నా వైపు చూసింది. నేను వాడి మాట నమ్మలేదు. ఇరవై రెండేళ్లుగా కొలవకుండా ఏదీ నమ్మని మనిషిని. లేచి వెళ్లి, జేబులోంచి రసమట్టం తీసి పటం పై అంచున ఆనించాను. బుడగ కుడివైపుకి జరిగింది. అప్పుడు నమ్మాను. కళ్లనిండా నీళ్లతో పటం సర్దుతుంటే నాకు బుడగ కనబడలేదు, ఇంకొంచెం పైకి, ఇంకొంచెం, చాలు వదినా అని వెనకనుంచి వాడే చెప్పాడు.