పిన్ని పెరట్లోంచి పోయిన రూటు

మా మరిది సైకిళ్ళ షాపులో లావు టైర్ల సైకిళ్ళే ఎక్కువ అమ్ముడుపోతాయి. మా ఊరు దాటగానే తారురోడ్డు అయిపోతుంది. ఆ తర్వాత అన్నీ కంకర దారులు, ఎర్రమట్టి మిట్టలు, ముళ్ళ పొదలు, మధ్య మధ్య రాతి గోడల పాత ఊళ్ళు. ఆదివారం పొద్దున్నే షాపు ముందు కొంతమంది చేరి ఆ దారుల్లో తిరిగి వస్తుంటారు. ఆ గుంపుకి పెద్ద సర్వే సారు. భూములు కొలిచే ఉద్యోగం చేసి రిటైరైన మనిషి. ఏ రూటైనా ఆయన స్వయంగా తొక్కి, సరే అంటేనే ఆ ఏటి రూట్లలో చేరుతుంది. రూటు వేసినవాళ్ళే ఆ రోజు అందరికన్నా ముందుండి దారి చూపిస్తారు.

నేనెప్పుడూ వెనకే. పంక్చరైన వాళ్ళకి ట్యూబు మార్చడం, ఆయాసం వచ్చి ఆగిపోయినవాళ్ళకి తోడుండడం నా పని. "వెనకాల మా వదిన ఉంటే నాకు బెంగలేదు" అని మరిది నలుగురిలో మెచ్చుకునేవాడు. ఆ మెచ్చుకోలు పుణ్యమా అని నన్ను ఎవరూ ముందుకి పిలవలేదు. వెనకుండేవాళ్ళకి దారంతా ముందువాళ్ళు లేపిన దుమ్మే. ఒక్కసారైనా దుమ్ములేని దారి చూడాలని నాకుండేది. ఆ మాట ఇంట్లో అనలేదు. అంటే నవ్వుతారని కాదు, "అదెంత పని, వెళ్ళు" అని తేలిగ్గా తీసిపారేస్తారని.

అలాంటిది మరిదికి మెట్ల మీద చీలమండ బెణికింది.

"వదినా, కోటగుమ్మం ఊరి మీదుగా సున్నపు బట్టీల దాకా కొత్త రూటు ఒకటి అనుకున్నాను. నువ్వెళ్ళి రికార్డు చేసుకురావా? ఫోను నొక్కి జేబులో పడేసుకో. నువ్వు పోయిన దారంతా అదే గీసుకుంటుంది."

"సారు సరే అంటే ముందు ఎవరుంటారు?"

వాడు నా మొహం చూశాడు. "వేసినవాళ్ళే ఉంటారు. నాకేం పోటీ లేదమ్మా."

గురువారం వంటపని ముగించుకుని బయల్దేరాను. పచ్చిక బీడు పక్కనుంచి వెళ్ళే దారి ఎంచుకున్నాను. అక్కడ రాళ్ళు చిన్నవి, చక్రం జారదు. ఎండిన వాగు దగ్గర ఇసుకలో దిగి నడిచాను. కోటగుమ్మం కింద పరిచిన బండల మీద ఎన్నాళ్ళనాటివో బండి చక్రాల గాడులు. వాటిలో టైరు ఇరుక్కోకుండా ఎటునుంచి పోవాలో రెండుసార్లు వెనక్కి వచ్చి మరీ చూసుకున్నాను. అంత జాగ్రత్తగా వేసిన రూటది.

ఆ ఊళ్ళోనే మా పిన్ని ఉంటుంది. అమ్మ చెల్లెలు. అక్కడిదాకా వెళ్ళి గుమ్మం తొక్కకుండా వస్తే ఏడాది పొడుగునా దెప్పుతుంది. వెళ్ళాను, నీళ్ళు తాగాను, కాసేపు కూచున్నాను. వీధిలో ఎవరో ఇల్లు కట్టుకుంటూ ఇటుకలు దించుతుంటే, పెరటి తలుపు తీసి అటునుంచి పంపించింది. ఇంటికొచ్చి ఫోను మరిదికిచ్చాను. వాడు రూటు మొత్తం పొడుగెంతో చూసుకుని, బాగుందన్నాడు. అంత చిన్న బొమ్మలో పిన్ని ఇల్లు ఆవగింజంత. ఇద్దరి కళ్ళకీ ఆనలేదు.

ఆదివారం అందరి ఫోన్లలోనూ నా గీత ఉంది. రూటు ఇంకా ఖాయం కాలేదు గనక ముందు సర్వే సారు, వెనక నేను. మరిది కట్టు కట్టుకుని జీపులో బట్టీల దగ్గరికి వస్తానన్నాడు. వాగు దాటాక పళ్ళ డాక్టరుగారి టైరుకి ముల్లు దిగింది. దాన్ని బాగుచేసి మేమిద్దరం కోటగుమ్మం చేరేసరికి మిగతావాళ్ళు కనబడలేదు.

"ముందుకి వెళ్ళిపోయుంటారు" అన్నారు డాక్టరుగారు.

నేను దుమ్ములో టైరు గుర్తులు చూశాను. అవి వీధి వెంట పోలేదు. వరసగా మళ్ళి పిన్ని ఇంటి గేటులోకి దూరాయి. అప్పుడే లోపల్నుంచి పిన్ని గొంతు.

"ఫోను చూపిస్తే మా వంటింట్లోకి కూడా వచ్చేస్తారా?"

"వంటింట్లోకి కాదమ్మా" సర్వే సారు ఎంతో మర్యాదగా చెబుతున్నారు. "వంటింటి పక్కగా. ముందు బావి చుట్టూ ఒక తిరుగుడు, ఆ తర్వాత పెరటి తలుపు. ఇదిగో, ఇక్కడ స్పష్టంగా ఉంది."

పిన్ని చేతిలో చాట ఉంది. పెరడంతా ఎండిన ఉలవ మొక్కలు పరిచి ఉన్నాయి. వాటి మధ్యలో హెల్మెట్లు పెట్టుకుని అందరూ తప్పుచేసిన బడిపిల్లల్లా నిలబడ్డారు.

"సార్, ఆ మూల గదికి కూడా ఒక గీత పోయింది. వెళ్ళి వెనక్కి వచ్చింది" అన్నాడు బ్యాంకు కుర్రాడు తన ఫోను చూస్తూ.

అందరూ తలలు తిప్పి ఆ గది వైపు చూశారు. తలుపు పక్కన బకెట్టు, చెంబు.

"అది స్నానాలగది నాయనా" అంది పిన్ని. "అందరూ వరసగా వెళ్ళొస్తారా?"

డాక్టరుగారు ఆపుకోలేక నవ్వేశారు. ఆ నవ్వుకి పిన్ని ఇటు తిరిగి నన్ను చూసింది.

"నువ్వా! ఇదంతా నీ నిర్వాకమా?"

"ఫోను ఆపడం మరిచిపోయాను పిన్నీ."

"ఫోను ఆపలేదని ఊరినంతా మా ఇంట్లోకి తోలావా?"

సర్వే సారు హెల్మెట్ తీసి చంకలో పెట్టుకున్నారు. "దారి ఎంపిక బాగుందమ్మా. బండల దగ్గర మరీ బాగుంది. కానీ గీత తప్పు. కొత్తవాళ్ళు దీన్ని నమ్ముకునే వస్తారు కదా. వచ్చే ఏడు చూద్దాం."

వచ్చే ఏడు. మరిది చీలమండ ఈలోగా నయమవుతుంది. నేను మళ్ళీ దుమ్ములో ఉంటాను. సరేనని తల ఊపాను.

"వచ్చే ఏడు సంగతి తర్వాత" అంది పిన్ని. "నా ఉలవలు సగం తొక్కి వదిలేస్తారా? నూర్చడానికి ట్రాక్టరువాడు రేపు, ఎల్లుండి అని తిప్పుతున్నాడు. మొదలుపెట్టినవాళ్ళే పూర్తిచేయండి. తిరగండి బావి చుట్టూ!"

హాస్యమాడుతోందనుకున్నారు. పిన్ని అప్పటికే పంగల కర్రతో మొక్కల్ని బావి చుట్టూ గుండ్రంగా సర్దుతోంది.

తిరిగారు. మొదట సిగ్గుపడుతూ, తర్వాత పోటీలు పడుతూ. కాయలు టైర్ల కింద పటపటా పేలుతున్నాయి. సర్వే సారు మధ్యలో ఆగి, టైర్లో గాలి కొంచెం తీస్తే పట్టు ఎక్కువుంటుందని లెక్కగా చెప్పి, తీసి, మళ్ళీ ఎక్కారు. "ఆ కళ్ళజోడాయన, లోపలికి తొక్కండి! అంచులు నలిగాయి, మధ్యలో అలాగే ఉంది" అని పిన్ని అరుస్తుంటే సారు బుద్ధిగా లోపలికి జరిగారు. చివరికి కర్రతో పొట్టు ఎత్తి చూస్తే కింద గోధుమరంగు గింజలు పరుచుకుని ఉన్నాయి. అందరూ వాటిని తామే పండించినంత ఇదిగా చూసుకున్నారు.

"సార్, ఈ గీత ఇలాగే ఉంచేద్దాం" అన్నాడు బ్యాంకు కుర్రాడు. "ఇలాంటి రూటు ఎక్కడుంది?"

సారు కూడా చెమట తుడుచుకుంటూ, "నిజమే. ఉంచితే ఈ ఏడే పెట్టుకోవచ్చు" అన్నారు నాతో.

నేను పిన్ని వైపు చూశాను. చాటలో గింజలు చెరుగుతూ తల ఎత్తకుండా, నాకు మాత్రం వినబడేలా అంది. "ఇవాళంటే సరదా. ప్రతివారం కొత్త మొహాలొస్తే నేను తల దువ్వుకునేది ఎక్కడే?"

ఫోను తీశాను. పిన్ని ఇంటి దగ్గర గీత చెరిపి, వీధి వెంట తిన్నగా కలిపాను.

"పెరడు తీసేశాను సార్. ఇది మా పిన్ని ఇల్లు, రూటు కాదు. మిగతా దారి మీకు నచ్చితే ఉంచండి, లేకపోతే వద్దు."

"అయ్యో" అన్నాడు కుర్రాడు.

సర్వే సారు నా ఫోను తీసుకుని కళ్ళజోడు పైకి నెట్టి చాలాసేపు చూశారు. "వీధిలో ఇటుకలున్నట్టున్నాయే?"

"ఎడమ పక్క సైకిలు పట్టేంత సందుంది. వచ్చేటప్పుడు చూశాను."

"బట్టీల మిట్ట దగ్గర రెండు దారులున్నాయి. నున్నగా ఉన్నదాన్ని వదిలేసి రాళ్ళదాన్ని పట్టావు. ఎందుకు?"

"నున్నటిది క్వారీ గోతిలో తేలుతుంది సార్. మొదట అటే వెళ్ళి వెనక్కి వచ్చాను. ఆ ముక్క మాత్రం అప్పుడే చెరిపాను."

ఆయన ఫోను తిరిగిచ్చి, గేటు దగ్గర తన సైకిలు పక్కకి జరిపారు. నేను వెనక నిలబడే ఉన్నాను, అలవాటు కొద్దీ.

"ముందు నడవమ్మా మరి. నువ్వు కదలకపోతే మేమంతా ఇక్కడే ఉలవలు చెరుగుతూ కూచోవాలి."

బట్టీల దగ్గర మరిది జీపు బానెట్ మీద కూచుని ఉన్నాడు. మొదట వచ్చిన సైకిలు నాదని గుర్తుపట్టి కుంటుతూ ఎదురొచ్చాడు.

"ఏమైంది వదినా, ఇంత ఆలస్యం? సారేరీ?"

"వెనకాల" అన్నాను. "డాక్టరుగారికి మళ్ళీ పంక్చరైంది. సారే మారుస్తున్నారు."