తుంగకు పెళ్ళి కుదిరింది

కల్పన రాసే సీరియల్‌లో తుంగ అనే పిల్లకు పదహారేళ్లు. ఆ కథ నూరేళ్ల తర్వాతి కాలంలో జరుగుతుంది. అప్పటికి నదులన్నీ ఒక పెద్ద గోడ వెనక్కి పోయి ఉంటాయి. పదహారు నిండిన ప్రతివాళ్ల మెడలో ఏలికలు ఒక బిళ్ళ కడతారు. దాని రంగును బట్టే ఆ ఇంటికి నీళ్లు. తుంగ ఆ బిళ్ళ కట్టించుకోనని ఎదురు తిరుగుతుంది.

చిలుకూరులో గొర్లు మేపుకునే ఇంటి నుంచి వచ్చి కోదాడలో డిగ్రీ చదువుతున్న కల్పన, తుంగను ఉత్తినే ఊహించి రాయలేదు. హాస్టల్లో పక్క మంచం గౌరీబాయిది. ఆమెది మఠంపల్లి దిక్కు తండా. తమ చేలల్లో సున్నపురాయి ఉందని సర్వేవాళ్లు వచ్చి హద్దురాళ్లు పాతిపోతే, గౌరీ పట్టపగలు అందరూ చూస్తుండగా పలుగు పట్టుకుని వాటిని పెకలించి వాగులో పారేసింది. పోలీసులు తీసుకుపోయి పొద్దుగూకే దాకా కూర్చోబెట్టారు. ఆ సంగతి గౌరీ నవ్వుకుంటూ చెబుతుంటే కల్పనకు ఒళ్లు జలదరించింది. ఆ వారమే తుంగ పుట్టింది. హైదరాబాదులోని ఒక వారపత్రిక దాన్ని యువతరం పేజీల్లో వేయడం మొదలుపెట్టింది. అది 2012 ఎండాకాలం.

మొదటి నాలుగు వారాలూ కలం దానంతటదే నడిచింది. ఐదో వారం ఎడిటరు ఫోన్ చేశాడు.

"అమ్మా కల్పనా, బాగా రాస్తున్నావు. కానీ పదహారేళ్ల పిల్లకి మనసనేది ఉండదా? ఎప్పుడు చూసినా గోడ, నీళ్లు, గోడ, నీళ్లు! ఒక కుర్రాణ్ణి పెట్టు. వీలైతే ఇద్దర్ని పెట్టు. ఎవర్ని చేసుకుంటుందా అని పాఠకులు కొట్టుకోవాలి."

"తుంగకు అంత టైం లేదు సార్" అంది కల్పన మెల్లగా.

"టైం నువ్వు ఇస్తేనే కదమ్మా ఉండేది."

కాదనలేకపోయింది. గోడ తాళం దగ్గరుంచుకునే కాపలావాడిగా ఆదిత్య అనే నీలికళ్ల కుర్రాణ్ణి పెట్టింది. చిన్నప్పటి స్నేహితుడు వీరును కూడా పెట్టింది. పాఠకుల ఉత్తరాలు ఒక్కసారిగా పెరిగాయి. బిళ్ళ గురించి, నీళ్ల గురించి అడిగినవాళ్లు లేరు. ఆదిత్యనా, వీరునా అన్నదొక్కటే అందరికీ కావాలి. కొట్లాడవలసిన తుంగ వారం వారం అద్దం ముందు నిలబడి ఏడవసాగింది. ఆ పిల్ల తన చేతిలోంచి జారిపోతోందని కల్పనకు తెలుస్తూనే ఉంది.

అయితే తప్పంతా ఎడిటరుదేనని అనుకోవడానికీ లేదు. గోడను ఎలా కూల్చాలో కల్పనకే తోచలేదు. తోచనప్పుడల్లా ఆదిత్యను రప్పించేది. వాడొచ్చి తుంగ చెయ్యి పట్టుకుంటే ఆ వారం గడిచిపోయేది.

ఈలోగా గౌరీ చదువు మానేసింది. సున్నపురాయి తవ్వకానికి తండా ఖాళీ అయింది. వాళ్లింటివాళ్లంతా మిర్యాలగూడలో ఒక రైస్ మిల్లు పనికి కుదిరారు. ముగింపు పంపమని ఎడిటరు తొందర పెడుతుంటే, కల్పన మిర్యాలగూడ బస్సెక్కింది.

మిల్లు కళ్లంలో గౌరీ, తలకు తువ్వాల చుట్టుకుని ధాన్యం ఎండబోస్తోంది. కల్పనను చూసి పరుగున వచ్చింది.

"ఏందే, గిట్ల చెప్పకుండ వచ్చినవ్?"

"నిన్ను సూడాలనిపించింది. నా కథ సదువుతున్నవా?"

"సదువుడేంది, మిల్లుల నాతోని పనిచేసే సరోజనక్క ప్రతివారం నాతోని సదివించుకుంటది. ఆదిత్య అంటే ఆమెకు పానం. తుంగ వాన్నే చేసుకోవాల్నట." గౌరీ నవ్వింది.

"మరి నీకు?"

గౌరీ కాలితో ధాన్యాన్ని అటూ ఇటూ నెరిపింది.

"మంచిగనే ఉందే. గని ఒక్కటి అడుగుతా, ఏమనుకోకు. గంత పెద్ద గోడకు ఒక్కటే తాళమా? అది ఒక్క పోరని చేతిలనే ఉంటదా? మా తండ మీదికి వచ్చింది ఒక్కడు గాదు. వచ్చినోడల్లా మంచిగనే మాట్లాడిండు. ఒకడు నన్ను గన్న మా యాడికి కుర్చీ గూడ ఏసిండు. ఇంకొకడు నన్ను సదువుకొమ్మన్నడు. అండ్ల ఎవడు మనసిచ్చినా ఆగేటిది కాదది."

"అయితే గోడ ఎట్ల పడ్తది గౌరీ? నాకు తెలుస్తలేదు. అడుగుదామనే వచ్చిన."

గౌరీ ఆమెను తేరిపార చూసింది.

"నాకు తెలిస్తే మేం గీడెందుకుంటమే?"

కల్పన కళ్లలో నీళ్లు తిరిగాయి. గౌరీయే ఆమె భుజం తట్టి, చాయ్ తెప్పించి తాగించి, బస్టాండు దాకా వచ్చి సాగనంపింది.

ఇంటికి వచ్చాక కల్పన ఆఖరి భాగాన్ని ఆదిత్య లేకుండా రాసింది. గోడ పడలేదు. తుంగ ఊరు విడిచి పోయింది. బిళ్ళ మాత్రం కట్టించుకోలేదు. అదే పంపించింది. ఎడిటరు నుంచి ఫోన్ రాలేదు. ఒప్పుకున్నాడేమోనని ఆశపడింది.

నాయిన బీరన్నను కళ్ల పరీక్షకు సూర్యాపేట తీసుకుపోయిన రోజున బస్టాండులో ఆఖరి భాగం పడిన సంచిక కనిపించింది. నిలబడే చదివింది. ఆదిత్య తాళం తీసి మీట నొక్కాడు. గోడ కూలింది. నీళ్లు పొంగి వస్తుంటే ఆ ఒడ్డునే తుంగ మెడలో తాళి పడింది. వీరు అక్షింతలు చల్లాడు. ఒక్క వాక్యం కూడా కల్పనది కాదు. కింద పేరు మాత్రం ఆమెదే.

"నీ కథేనా బిడ్డా? ఏమయ్యింది ఆఖరికి?" అన్నాడు బీరన్న.

"పెండ్లయ్యింది నాయినా."

"మంచిదేగా. గట్లెందుకున్నవ్ మరి?"

ఆమె నాయినను బెంచీ మీద కూర్చోబెట్టి పక్కకు పోయింది. ఎడిటరుకు ఫోన్ చేస్తే, "ఎన్ని ఫోన్లు వస్తున్నాయో తెలుసామ్మా! రెండో భాగం ఎప్పుడిస్తావు?" అన్నాడు. తిట్టాలని నోరు తెరిచింది. "చెప్తా సార్" అన్న మాటే వచ్చింది.

ఆ తర్వాత గౌరీకి చేసింది. అవతల మిల్లు హోరు.

"సదివినమే! సరోజనక్క సంబరంతోని ఏడ్సింది" అని అరిచి చెప్పింది గౌరీ.

"అది నేను రాసింది కాదు గౌరీ."

"ఏందీ? ఇనిపిస్తలేదు!"

"నేను రాయలే అంటున్న!"

"గట్టిగ చెప్పే... సరే గని, లారీ వచ్చింది, పిలుస్తున్నరు. మల్ల మాట్లాడత."

ఫోన్ పెట్టేసింది. చిలుకూరు బస్సు వచ్చి ఆగింది. కల్పన నాయిన చెయ్యి పట్టుకుని ఎక్కించింది.