హద్దురాయికి అరుగు

వైతికుప్పంలో పంకజం ఇల్లు సముద్రానికి మరీ దగ్గర. ఒకప్పుడు దూరంగానే ఉండేది. ఇల్లు కదల్లేదు, సముద్రమే కదిలి వచ్చింది. దీపావళి నెల ఐప్పసిలో వానలు మొదలైతే చాలు, అలలు వాకిలి దాటి వంటింట్లో పొయ్యిని పలకరించి పోతున్నాయి. ఆ పొయ్యి మీద ఇడ్లీలు దిగితేనే పంకజానికి రోజు గడిచేది. అందుకే ఈసారి వానలకు ముందే ఇంటి నేల ఎత్తు చేయించాలని పట్టుబట్టింది.

అంత తేలికా? సముద్రం పైకి వస్తోందని సర్కారు వాళ్లు తీరం పొడవునా హద్దురాళ్లు పాతించారు. రాయికి ఊరి వైపున్న ఇల్లయితే ఎత్తు చేసుకోవచ్చు. సముద్రం వైపున్నదైతే ఇటుక మీద ఇటుక పెట్టకూడదు. పంకజం ఇంటి దగ్గర రాయి సరిగ్గా పెరటి గోడ వెనక పడింది. అంటే ఇల్లు సముద్రం వాటాలోకి పోయినట్టే. నీళ్లు రాని ఇంటిని ఎత్తుకోవచ్చట, నీళ్లొచ్చే ఇంటిని ఎత్తకూడదట! ఎంత ఆలోచించినా ఆమెకు బోధపడలేదు.

ఆడి నెలలో ఒక పెద్ద అల ఇంటిని చుట్టేసి పోతూ ఆ రాయిని పెళ్లగించింది. అమ్మవారి నెలలో రాయి అలా బోర్లా పడి ఉంటే ఆడవాళ్లు చూస్తూ ఊరుకుంటారా?

"హద్దురాయంటే ఊరి ఎల్లై కాసే అమ్మే గదా, ఆ అమ్మ కక్కూసు గోడ కాడ ఉంటే యాడన్నా బాగుంటాదా అక్కా?" అంది పక్కింటి మణియమ్మ.

పంకజానికీ నిజమేననిపించింది. ఇద్దరూ కలిసి రాయిని పసుపునీళ్లతో కడిగి, కుంకుమ పెట్టి, సముద్రం వైపున్న వాకిలి ముందుకు మోసుకొచ్చి తూర్పు ముఖంగా నిలబెట్టారు. వీధివాళ్లంతా చేయి వేసి నడుమెత్తు సిమెంటు అరుగు కట్టి, అమ్మను దాని మీద ప్రతిష్ఠించారు. పర్మిషన్ మాట ఎవరికీ తట్టనైనా లేదు.

తర్వాత యానాం నుంచి కొత్తగా వచ్చిన హద్దురాళ్ల ఆఫీసరు ఫణిధర్ ఇల్లు చూడ్డానికి వచ్చాడు. కుంకుమ చూడగానే అలవాటుగా చెప్పులు విప్పాడు.

"శుభం పిన్నిగారూ! మీ ఇల్లు రాయికి ఊరి వైపే ఉందండి. ఎత్తు చేసుకోండి, నేను రాసిచ్చేస్తాను."

పంకజం గుండె గంతేసింది. సరేననడానికి నోరు తెరిచింది కూడా. కానీ ఎదురుగా అమ్మ చూస్తోందాయె.

"రాయి ముందు ఈడ లేదు సార్. పెరడెనకుండె. అలకి పడిపోతే మేమే తెచ్చి ఈడ పెట్టినాము."

ఫణిధర్ మొహంలో నవ్వు మాయమైంది. "అయితే కుదరదండి. ముందు రాయిని వెనక్కి పెట్టించండి."

"నిలబెట్టిన అమ్మను పెకిలించమంటావా తంబీ? కావాలంటే నువ్వే పెకిలించు" అంది మణియమ్మ.

అతను రాయిని చూశాడు, తన ఒట్టి కాళ్లను చూసుకున్నాడు. చేయి ముందుకు రాలేదు. "రాయి ఇక్కడుంటే సముద్రం వైపని ఎలా రాస్తానండీ? సంగతి తెలిశాక ఊరి వైపని మాత్రం ఎలా రాస్తాను? పైవాళ్లనడిగి చెబుతాను."

"అందాకా నా ఇల్లు యాడున్నట్టు సార్?"

ఫణిధర్ చెప్పులేసుకుని వెళ్లిపోయాడు. నిజం చెప్పి మంచి చేసిందో, తన కొంప తనే ముంచుకుందో తేలక పంకజం చాలాసేపు గుమ్మంలోనే నిలబడిపోయింది.

ఐప్పసి వచ్చింది. పైనుంచి జవాబు రాలేదు.

ఒక పొద్దున ఇడ్లీలు ఉడుకుతుండగానే నీళ్లు లోపలికొచ్చి పొయ్యిని ముంచేశాయి. పంకజం ఇడ్లీ కుండను చంకనెత్తుకుని, మోకాటి లోతు నీళ్లలో బయటికి నడిచింది. ఎక్కడ పెట్టాలో తోచలేదు. వీధంతా నీళ్లే. పొడిగా ఉన్నది అమ్మవారి అరుగొక్కటే.

చెంగుతో మొహం తుడుచుకుంది. తడిసింది సముద్రం నీళ్లతో మాత్రమే కాదు. కుండను రాయి పక్కన పెట్టి, తానూ ఎక్కి ఇరుకుగా కూర్చుంది.

"నిన్ను ఎత్తు మీద పెట్టేదానికి ఎవురూ అడ్డం చెప్పలా" అంది రాయితో. "కొంచెం జరుగు తల్లీ."